కడలి గర్భమున చమురు, కడలి మీద గాలి

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పుతీరమున, చెసపీక్ అఖాతము అట్లాంటిక్ మహాసముద్రముతో కలియు చోట, వర్జీనియా రాష్ట్రమునకు చెందిన నార్‌ఫోక్, హాంప్టన్, వర్జీనియా బీచ్ మొదలైన నగరములు పల్లపునేలపై ఒకదానికొకటి చేరువగా నున్నవి. ప్రపంచమునందలి నౌకాదళ స్థావరములలోకెల్ల పెద్దది నార్‌ఫోక్‌లోనే కలదు. అచ్చట 1927 నుండి సముద్రమట్టమును కొలుచుచున్నారు. ఈ శతాబ్దకాలములో నీరు ఇంచుమించు అడుగున్నర పైకి వచ్చినది. ఇందులో కొంత సముద్రము పొంగుట వలన, కొంత నేల క్రుంగుట వలన కలిగినది. హిమయుగమునాటి మంచుభారము తొలగిన పిమ్మట భూమి ఇంకను సర్దుకొనుచుండుటయు, జనులు భూగర్భజలమును అమితముగా తోడివేయుటయు ఆ క్రుంగుబాటునకు ముఖ్యకారణములు. వాన చినుకైన లేని దినమున కూడ పోటు హెచ్చినచో వీధులలో ఉప్పునీరు నిలుచుట అచ్చటివారికి అలవాటైపోయినది.

ఇట్టి తీరమున వాతావరణ పరిరక్షణోద్యమము పుట్టుటలో ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యకరమైనది ఆ ఉద్యమము నడచిన మార్గము. 2002లో మైక్ టిడ్‌వెల్ అను రచయిత మేరీలాండ్, వర్జీనియా ప్రాంతముల కొరకు 'చెసపీక్ క్లైమేట్ యాక్షన్ నెట్‌వర్క్' అను సంస్థను స్థాపించెను. ఆ మరుసటి యేట ఆయన ప్రచురించిన గ్రంథము లూసియానా రాష్ట్రపు తీరము కరగిపోవుచున్న వృత్తాంతమును తెలుపునది. 1932 మొదలు 2016 వరకు ఆ రాష్ట్రము సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల తీరభూమిని కోల్పోయినది. మిసిసిపీ నదికి కట్టిన కరకట్టలు ఒండ్రును రానీయకపోవుట ఒక కారణము కాగా, చమురు సంస్థలు పడవలకును గొట్టములకును త్రవ్విన కాలువల గుండ ఉప్పునీరు చొరబడి చిత్తడినేలల గడ్డిని చంపుట మరియొకటి. అనగా, చమురువలని హాని బావి పేలిన దినమున మాత్రమే కలుగునది కాదనియు, ఏ ప్రమాదమును లేకుండ సాగిన దినములలో సైతము అది నేలను కొరుకుచుండుననియు లూసియానా చాటుచున్నది.

చమురు సంస్థల దృష్టి వర్జీనియా మీద ఎట్లు పడినదో తెలియవలెనన్నచో, అమెరికా సముద్రచట్టమును కొంత ఎరుగవలయును. తీరమునుండి మూడు నాటికల్ మైళ్ల వరకు జలములు సామాన్యముగ ఆయా రాష్ట్రముల అధీనము. అటుపై కేంద్రప్రభుత్వము అధికారి. ఎచ్చటెచ్చట చమురు అన్వేషణకు కౌలు ఇయ్యవలయునో కేంద్రము ఐదేండ్ల ప్రణాళికగా నిర్ణయించును. కావున ప్రతి ప్రణాళికతోను వివాదము మొదటికి వచ్చుచుండును. 2010 మార్చి 31న అధ్యక్షుడు ఒబామా వర్జీనియా సముద్రమును అన్వేషణకు తెరచు ఉద్దేశమును ప్రకటించెను. తూర్పుతీరమున మొదటి బావి తమదే కావలెనని ఆ రాష్ట్ర గవర్నరు ఉత్సాహపడుచుండెను. పట్టుమని మూడు వారములు గడవకముందే, ఏప్రిల్ 20వ తేదీ రాత్రి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 'డీప్‌వాటర్ హొరైజన్' అను తవ్వకపు వేదిక ప్రేలిపోయి, పదునొకండుగురు కార్మికులు మరణించిరి.

ఆ ప్రమాదము జరిగిన తీరు సామాన్యపాఠకులు సైతము తెలిసికొనదగినది. ఒకటిన్నర కిలోమీటరు లోతున నున్న సముద్రగర్భమును తొలిచి, అంతకంటె ఎంతయో లోతైన రాతిపొరలకు బావి దింపిరి. అచ్చటి చమురు, వాయువు అపారమైన పీడనమున నుండును. వానిని అదిమిపెట్టుటకు అడుగున పోసిన సిమెంటు నిలువలేదు. అది నిలిచినదో లేదో తెలుపవలసిన పీడనపరీక్ష ఫలితమును వేదికమీది పర్యవేక్షకులు పొరబాటుగా గ్రహించిరి. కడపట, గొట్టమును తెగగోసి బావిని మూయవలసిన రక్షణయంత్రము తన పని చేయజాలకపోయెను. ఒకదాని వెనుక నొకటిగా నిలిపిన కావలులన్నియు ఒకే రాత్రి విఫలమైనవి. 87 దినములపాటు చమురు వెలువడినది; దాని పరిమాణము సుమారు 49 లక్షల పీపాలని ప్రభుత్వ శాస్త్రజ్ఞుల అంచనా.

కోనసీమవాసులకు ఈ కథ వేరుగా చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. బావి 'బ్లోఅవుట్' అయి, కొబ్బరితోటల నడుమ 65 దినములు మండినది. నేలమీద, రహదారుల ప్రక్కన, అగ్నిమాపకదళములు చేరగల చోట ఆర్పుటకే అన్ని దినములు పట్టినపుడు, మనుష్యుడు దిగజాలని లోతున అట్టి బావిని మూయుట ఎంతటి పనియో ఊహించుకొనవచ్చును.

గల్ఫ్‌లో జరిగిన ఘోరముతో వర్జీనియా ప్రతిపాదన అప్పటికి అణగినది, కాని సమసిపోలేదు. 2015లో అట్లాంటిక్ తీరమును తెరచు ఆలోచన తిరిగి వచ్చెను. 2016 మార్చిలో దానిని విరమించుకొనిరి. 2018 జనవరిలో ట్రంప్ ప్రభుత్వము దేశపు సముద్రములను ఇంచుమించు అన్నిటిని తెరచుటకు సంకల్పించెను. ప్రతి పర్యాయము తీరవాసులు సభలు జరిపిరి, వినతిపత్రములు పంపిరి. చేపల వేటగాండ్రు, హోటళ్ల యజమానులు, పర్యావరణవాదులు ఒక్క పక్షమున నిలిచిరి. తమ విన్యాసములు జరుగు జలములలో చమురు వేదికలు అడ్డమగునని రక్షణశాఖయు సంశయము వెలిబుచ్చెను. తూర్పుతీరమున నూటికి పైగా పురపాలక సంఘములు వ్యతిరేక తీర్మానములు చేసినవి. చమురు జాడ తెలియుటకై ఓడల నుండి పది పండ్రెండు సెకండ్లకొక మారు, వారముల తరబడి, నీటిలోనికి వదలు సంపీడితవాయువు ప్రేలుళ్ల ధ్వని, నాలుగు వందలకైన మిగులని ఉత్తర అట్లాంటిక్ 'రైట్ వేల్' తిమింగిలములకు ప్రాణాంతకము కాగలదని శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 2020లో వర్జీనియా శాసనసభ తన అధికారము చెల్లు మూడు మైళ్లలో చమురు గొట్టములు, తత్సంబంధములైన కట్టడములు ఉండరాదని చట్టము చేసెను. దూరసముద్రము తనది కాకపోయినను, చమురు ఒడ్డునకు చేరు త్రోవను అది ఇట్లు దుర్గమము చేసినది.

అయినను, నిరాకరణమునకు ఆయువు తక్కువ. ఒక ప్రణాళికలో గెలిచిన 'వద్దు' మరియొక ప్రణాళిక రాగానే చెల్లని నాణెమగును. కాని ఒక కట్టడము లేచినదా, అది రెండు మూడు దశాబ్దములు నిలుచును. దానిని ఆశ్రయించి ఓడరేవులు, ఉద్యోగములు, పన్నులు, అభిమానములు పెరుగును. ఈ సత్యమును గ్రహించినందువలననే తీరపు ఉద్యమకారులు చమురును అడ్డగించుచునే, ఆ సముద్రము మీదనే గాలిమరలు నిలుపవలెనని గట్టిగా కోరసాగిరి.

గాలివేగము రెండింతలైనచో అందలి శక్తి ఎనిమిదింతలగును. చెట్టుచేమల అడ్డులేని సముద్రము మీద గాలి నేలమీదికంటె బలముగను, నిలుకడగను వీచును. వర్జీనియా తీరమున సముద్రగర్భము చాల దూరము వరకు లోతు లేక మెల్లగా వాలుచుండుటచే, ఉక్కు స్తంభములను నేరుగా అడుగుననే నాటుటకు వీలున్నది. అయినను మార్గము సుగమము కాదు. మసాచుసెట్స్ రాష్ట్రమున 'కేప్ విండ్' అను పేర 130 గాలిమరల పథకము 2001లో తలపెట్టబడి, తీరమునగల సంపన్నుల వ్యాజ్యములలో నలిగి 2017లో అంతరించినది. ఆ దేశమున మొదటి సముద్రపు గాలిమరలు, కేవలము ఐదు, 2016లో రోడ్ ఐలండ్ చెంత తిరుగనారంభించినవి.

వర్జీనియా బీచ్‌నకు 27 మైళ్ల దూరమున 2020లో రెండు గాలిమరలు ప్రయోగార్థము నిలిచినవి. ఆ యేటనే రాష్ట్ర శాసనసభ 5,200 మెగావాట్ల సముద్రపవన విద్యుత్తు ప్రజాహితమని చట్టములో వ్రాసెను. తదనుగుణముగ 176 గాలిమరల క్షేత్రమునకు 2024 మే నెలలో స్తంభములు నాట మొదలిడిరి. ఒక్కొక్క గాలిమర చక్రపు వ్యాసము 222 మీటర్లు. మొత్తము సామర్థ్యము సుమారు 2,600 మెగావాట్లు. దీనిని నిర్మించు డొమినియన్ సంస్థయే అట్లాంటిక్ కోస్ట్ పైప్‌లైన్ అను 600 మైళ్ల సహజవాయు గొట్టమును తలపెట్టి, ఉద్యమకారుల ప్రతిఘటనము నెదుర్కొని 2020 జూలైలో విరమించుకొనినది. ఒక చేత నిలదీసినవారినే మరియొక చేత ప్రోత్సహింపవలసి వచ్చుట ఉద్యమమునకు కఠినపరీక్ష. సంస్థమీది ద్వేషమును పనిమీదికి పోనీయకుండుటయు, పనిమీది ప్రీతితో సంస్థను విమర్శింపక విడువకుండుటయు రెండును కావలయును.

ఏలయన, గాలికిని లెక్కలున్నవి. ఈ క్షేత్రమునకు 980 కోట్ల డాలర్లగునని అంచనా వేసిరి. ఆ మొత్తము పిమ్మట వెయ్యి కోట్లను దాటినది. ఆ భారములో గణనీయమైన భాగము కరెంటు బిల్లులు కట్టు గృహస్థులపై పడునది. స్తంభములను సమ్మెటలతో దిగగొట్టు ధ్వని తిమింగిలములకు బాధాకరము. అందుచేత అవి వలసపోవు నెలలను విడిచి, మే నుండి అక్టోబరు వరకు మాత్రమే ఆ పని చేయవలెననియు, స్తంభము చుట్టు గాలిబుడగల తెర కట్టి శబ్దమును తగ్గింపవలెననియు నియమము విధించిరి. 2024 జూలైలో మసాచుసెట్స్ తీరమున ఒక గాలిమర రెక్క విరిగి, దాని ముక్కలు నాన్‌టకెట్ ద్వీపపు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. ప్రజలు కోపగించిరి, కోపగించుట న్యాయమే. అయితే విరిగిన రెక్కను ఏరివేయవచ్చును. 87 దినముల చమురును ఏరివేయుట ఎవరి తరమును కాలేదు. రెండును ప్రమాదములే యైనను, రెంటిని ఒకే తక్కెడలో తూచుట వివేకము కాదు.

2025 జనవరిలో పదవికి తిరిగి వచ్చిన దినముననే ట్రంప్ సముద్రపవన క్షేత్రములకు కొత్త కౌళ్లు నిలిపివేసెను. అనగా 'కావలె' ననుట కూడ రాజాజ్ఞకు లోబడినదే. కాని కాగితముమీద నున్న పథకమును ఆపుట కంటె, నీట నాటిన స్తంభములను కాదనుట మిక్కిలి కష్టము. పాలకులు మారుచుందురు, ప్రణాళికలు ఐదేండ్లకొకసారి తిరుగవ్రాయబడుచుండును. వానికి లొంగక నిలువగోరు తీరవాసులు, తమ సముద్రమున ఏది ఉండరాదో చెప్పుటతో తృప్తిపడక, ఏది ఉండవలయునో ముందుగా నిర్ణయించి, దానిని కట్టించి, కట్టిన దాని లెక్కలను చమురు లెక్కల వలెనే నిర్దాక్షిణ్యముగ అడుగవలసి యుందురు.