అద్దె యింటి గాలి గొట్టములు

మన పాత యిండ్లలో గాలికి కిటికీయే దారి. దానిని తెఱచుటయు మూయుటయు నింటనున్నవారి యిష్టము గనుక, గాలి విషయమున యజమానికిని అద్దెకున్నవానికిని తగవు పుట్టుట కవకాశము తక్కువ. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డాలసు చుట్టుపట్లనున్న ఇర్వింగు, ప్లేనో, ఫ్రిస్కో పట్టణములలో కాపురముండు మన తెలుగువారి యిండ్లలో సంగతి యిట్లు కాదు. అచ్చట అటకమీదనో, గోడవెనుక చిన్న గదిలోనో యొక యంత్రముండును. అది గదులలోని గాలిని పెద్ద జాలీగుండ లోని కీడ్చుకొని, కాలమునుబట్టి చల్లబఱచియో వెచ్చబఱచియో, పైకప్పులో కానరాకుండ సాగు గొట్టములద్వారా మరల గదిగదికిని పంపును. డక్టులనబడు ఆ గొట్టముల నెన్నడును కన్నులజూడని అద్దెదారు, వానినుండి వచ్చు గాలినే రాత్రింబవళ్లు పీల్చుచుండును; వెంటు అంచున నల్లని మరక కనబడిన నాడు మాత్రము, దీనిని శుభ్రము చేయింపవలసినవా రెవరను ప్రశ్న బయలుదేఱును.

పూర్వపు ఆంగ్లన్యాయ మిచ్చిన సమాధానము కటువైనది. అద్దె యనగా భూమిపై కొంతకాలపు హక్కును కొనుటయే యని తలంచుటవలన, ప్రత్యేకముగా మాట యనుకొననిచో, కప్పు కారినను గోడ బీటలువారినను బాగుచేయు బాధ్యత యజమానికి లేకుండెను. తన గుడిసెను తానే సరిదిద్దుకొనగల కౌలురైతు కీ సూత్రము చెల్లిన చెల్లవచ్చును గాని, పదవ అంతస్తులో రెండు గదులతో సరిపెట్టుకొను నగరవాసి కెట్లు చెల్లును? చెల్లదని 1970లో వాషింగ్టనులోని ఫెడరలు అప్పీలు న్యాయస్థానము తేల్చినది. క్లిఫ్టన్ టెరేసు అను భవనసముదాయమున గృహనిబంధనల ఉల్లంఘనలు సుమారు 1,500 కలవని నిరూపింపబూని, అద్దె నిలిపివేసిన కాపురస్థుల వ్యాజ్యములో, ఇంటిని నివాసయోగ్యముగా నుంచుదునను హామీ పత్రమున వ్రాయకున్నను ఒడంబడికలో నిమిడియే యున్నదని న్యాయమూర్తి స్కెల్లీ రైటు తీర్పు చెప్పెను. 1972లో రాష్ట్రముల కొఱకు రచింపబడిన నమూనా చట్టము, యజమాని సమకూర్చిన తాపన, వాయుప్రసార, శీతలీకరణ సాధనములను చక్కగా పనిచేయు స్థితిలో నుంచుట యతని విధి యని పేరుపేరున పలికినది.

టెక్సాసు తన దారిని తాను పోయెను. అచ్చటి ఆస్తి చట్టము 92వ అధ్యాయము ప్రకారము, సాధారణ కాపురస్థుని ఆరోగ్యమునకో భద్రతకో గణనీయమైన హాని కలిగించు లోపమునే ముఖ్యముగా యజమాని బాగుచేయవలెను. అదియు అద్దెదారువలన గాని, అతని యింటివారివలన గాని, అతిథులవలన గాని కలిగినది కారాదు. కావున తగవంతయు కారణముమీదనే నిలుచును.

గొట్టము యజమానిదే, కాని ఫిల్టరు మార్చు పనిని చాల లీజులు అద్దెదారునకే వదలును. అట్టచట్రములో ముడుతలు ముడుతలుగా నమర్చిన ఆ పలుచని వస్తువును ఒకటి మొదలు మూడు నెలలలో మార్చవలసియుండగా, మనవారిలో కొందఱు దాని యునికినే యెఱుగరు. ఎండుమిరపకాయల పోపు, వేపుళ్ల నూనెపొగ, పూజగదిలోని అగరుధూపము—ఇవన్నియు దానిమీదనే పేరుకొనును; పొయ్యిమీది పంకా పొగను వెలుపలికి పంపక జాలీగుండ మరల వంటగదిలోనికే విడుచు అపార్టుమెంట్లలో నిది మఱియు నెక్కువ. ఫిల్టరు పూడుకొనిపోగా గాలి తగ్గి, లోపలి శీతలీకరణ చుట్టపై మంచు గట్టి, అది కరగి నీరై కప్పునుండి కారును. ఇట్టి చోట యజమానిని నిందించుట న్యాయము కాదని నా యభిప్రాయము.

ఇక తలుపు సందున కరపత్రము దూర్చి, కొద్ది డాలర్లకే డక్టులు కడుగుదుమను వారి మాట. డక్టులు శుభ్రపఱచుటవలన రోగములు నివారితమగునని రుజువు కాలేదనియు, లోపల బూజు కంటికి కనబడినపుడో, ఎలుకలు పురుగులు చేరినపుడో, ధూళి నిండి గదులలోనికి వెదజల్లబడుచున్నపుడో మాత్రమే యా పని తగుననియు అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెప్పుచున్నది. బూజునకు మూలము తడి. తడి చేరు చోటును సరిచేయక గొట్టము కడిగించిన, బూజు మరల వచ్చును. అతుకులూడిన డక్టు సంగతి వేఱు: సామాన్య గృహములలో గొట్టములందు పారు గాలిలో నూటికి 20 నుండి 30 పాళ్లు చిల్లులనుండియు, వదులైన అతుకులనుండియు పోవునని ఎనర్జీ స్టార్ అను అమెరికా ప్రభుత్వ కార్యక్రమపు లెక్క. చిల్లు యజమానిది, కరెంటు బిల్లు అద్దెదారునిది! ఆరోగ్యమునకు హాని కలుగనంతవఱకు టెక్సాసు చట్ట మీ నష్టమును పట్టించుకొనదు. దానిని లీజుపై సంతకము చేయుటకు ముందే మాటాడుకొనవలెను.

బూజు నిజముగా కనబడినచో ఛాయాచిత్రము తీసి, అద్దె బాకీ లేకుండ చూచుకొని, అద్దె చెల్లించు చోటికే లేఖ వ్రాయవలెను. రిజిస్టరు తపాలలోనో, చేరినదని రుజువుండు మఱియొక తపాల పద్ధతిలోనో పంపిన మొదటి లేఖయే చాలును. లేనిచో రెండవది కూడ వ్రాయవలసివచ్చును. బాగుచేయుటకు 7 దినములు సమంజసమైన గడువని చట్టము భావించును గాని, పరిస్థితులనుబట్టి అది మారవచ్చును. వాషింగ్టను కాపురస్థులవలె అద్దె నాపుట మాత్రము టెక్సాసులో ప్రమాదము. చట్టమొప్పని రీతిని ఆపినవాడు యజమానికి పరిహారము చెల్లించుకొనవలసివచ్చును. లేఖలో ఫిల్టరు మార్చిన తేదీలను కూడ చేర్చుట మేలు. అందుకొఱకే జాగ్రత్తపరులు క్రొత్త ఫిల్టరు బిగించునపుడు దాని యట్టమీద కలముతో ఆనాటి తేదీ వ్రాసియుంతురు.