ఆర్‌టీఎక్స్ 3060 వర్సెస్ ఆర్‌టీఎక్స్ 4060: కొత్త కార్డే ఫాస్ట్.. అయినా మా తమ్ముడికి పాతదే ఇచ్చేశా!

"అన్నా, రెండిట్లో ఏది తీసుకోమంటావ్?"

మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పెట్టి అడిగాడు. ఒకటి ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ, ఇంకోటి ఆర్‌టీఎక్స్ 4060 8జీబీ. రేటు దాదాపు ఒకటే. వాడు ఆర్కిటెక్చర్ స్టూడెంట్. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ దాచుకుని కొంటున్న మొదటి గ్రాఫిక్స్ కార్డు అది. నేను క్షణం కూడా ఆలోచించకుండా "4060 తీస్కో రా, కొత్త జనరేషన్" అని రిప్లై ఇచ్చేశాను.

నెల తిరగకుండానే ఫోన్. "అన్నా, కాలేజీ ప్రాజెక్ట్ రెండర్ అవట్లేదు. జీపీయూ మెమరీ అయిపోయిందంటోంది."

నా దగ్గర ఎలాగూ 3060 ఉంది. సెలవులకు విజయవాడ వస్తూ కార్డు తెమ్మన్నాను. రెండింటినీ ఒకే పీసీలో పెట్టి చూశాం.

పేపర్ మీద ఏది ఎంత?

ఆర్‌టీఎక్స్ 3060 (2021 ఫిబ్రవరి, లాంచ్ ధర 329 డాలర్లు): 3584 క్యూడా కోర్లు, 12జీబీ మెమరీ, 192 బిట్ బస్, సెకనుకు 360 జీబీ బ్యాండ్‌విడ్త్, 170 వాట్లు.

ఆర్‌టీఎక్స్ 4060 (2023 జూన్, లాంచ్ ధర 299 డాలర్లు): 3072 క్యూడా కోర్లు, 8జీబీ మెమరీ, 128 బిట్ బస్, సెకనుకు 272 జీబీ బ్యాండ్‌విడ్త్, 115 వాట్లు.

కోర్లు తక్కువ, మెమరీ తక్కువ, బ్యాండ్‌విడ్త్ తక్కువ. మరి 4060 ఎలా ఫాస్ట్? రెండు కారణాలు. ఒకటి, చిప్ చాలా ఎక్కువ క్లాక్ స్పీడ్‌తో నడుస్తుంది. రెండు, 3060లో 3ఎంబీ ఉన్న ఎల్2 క్యాష్ ఇందులో 24ఎంబీ అయింది. అవసరమైన డేటా చిప్‌లోనే దొరికితే మెమరీ దాకా మాటిమాటికీ వెళ్లక్కర్లేదు.

మొదటి రోజు టెస్ట్ మొత్తం వేస్ట్

మే నెల. ఉదయం ఆరింటికి 3060 టెస్ట్ చేసి, మధ్యాహ్నం రెండింటికి 4060 పెట్టాం. అప్పటికి గది కొలిమిలా ఉంది. వేడి పెరిగేకొద్దీ జీపీయూ తన క్లాక్ తగ్గించుకుంటుంది కాబట్టి ఆ పోలికకు అర్థమే లేదు. ఆ నంబర్లన్నీ పడేసి, రాత్రి ఏసీ వేసుకుని మళ్లీ మొదలుపెట్టాం. అదే డ్రైవర్, అదే సీన్, ఒక్కో గేమ్ మూడేసి సార్లు. మీరు ఇంట్లో టెస్ట్ చేసినా ఇదే పద్ధతి పాటించండి.

గేమింగ్‌లో

1080పీలో గ్రాఫిక్స్ భారం ఎక్కువున్న గేముల్లో 4060 స్పష్టంగా ముందుంది. డీఎల్ఎస్ఎస్ 3 లేకుండా సుమారు 20 శాతం తేడా ఉంటుందని లాంచ్‌లో ఎన్విడియా చెప్పింది. మాకు కనిపించింది కూడా దానికి దగ్గర్లోనే ఉంది. కానీ వాలరంట్ లాంటి గేముల్లో రెండు కార్డులకూ తేడా దాదాపు లేదు. నా పాత రైజెన్ 5 3600 ప్రాసెసరే అక్కడ బ్రేక్ వేసింది. మీ సీపీయూ పాతదైతే కార్డు మార్చినా ఇలాంటి గేముల్లో ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు.

ఇక ఫ్రేమ్ జనరేషన్. డీఎల్ఎస్ఎస్‌లోని ఈ ఫీచర్ 4060లో ఉంది, 3060లో లేదు. డీఎల్ఎస్ఎస్ అప్‌స్కేలింగ్ మాత్రం రెండిట్లోనూ పనిచేస్తుంది. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే ఎఫ్‌పీఎస్ మీటర్ ఎగిరి గంతేస్తుంది కానీ, మౌస్ కదలికకు స్పందన ఆ స్థాయిలో పెరగదు. పైగా అది కూడా కొంత వీర్యామ్ తింటుంది.

కరెంటు విషయంలో 4060కే మార్కులు. తేడా 55 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఫుల్ లోడ్‌లో ఆడితే ఏడాదికి సుమారు 80 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 640 రూపాయలు.

అసలు కథ ఇక్కడుంది

తర్వాత బ్లెండర్ ఓపెన్ చేశాం. చిన్న సీన్‌లో 4060దే స్పీడ్. మావాడు "చూశావా, నా కార్డే బెటర్" అన్నట్టు నా వైపు చూశాడు. తర్వాత వాడి కాలేజీ ప్రాజెక్ట్ లోడ్ చేశాం. అపార్ట్‌మెంట్ ఎలివేషన్, చుట్టూ చెట్లు, అన్నీ 4కే టెక్స్చర్లు. 4060లో 8జీబీ నిండిపోయింది, రెండర్ నత్తనడక పట్టి చివరికి ఆగిపోయింది. 3060లో నిదానంగానే అయినా పూర్తయింది.

ఎందుకలా? వీర్యామ్ నిండాక మిగిలిన డేటా సిస్టమ్ ర్యామ్‌లోకి పోతుంది. అక్కడి నుంచి పీసీఐఈ దారిలో తెచ్చుకోవాలి. 4060కి ఉన్నది 8 లేన్లే. నా బీ450 లాంటి పీసీఐఈ 3.0 బోర్డులో అంటే సెకనుకు సుమారు 8 జీబీ. కార్డు సొంత మెమరీ స్పీడేమో 272 జీబీ! హైవే మీద పోతున్న బండిని ఒక్కసారిగా సందులోకి తిప్పినట్టే. 3060కి 16 లేన్లు, పైగా 4జీబీ ఎక్కువ.

గేముల్లోనూ ఇది జరుగుతుంది. 2023 మార్చిలో పీసీకి వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 1' హై టెక్స్చర్లతో 8జీబీ కార్డులను ముప్పుతిప్పలు పెట్టింది. తర్వాత ప్యాచ్‌లతో మెరుగైంది.

ఎవరు ఏది తీసుకోవాలి?

1080పీలో గేమింగే ప్రధానం, చిన్న పవర్ సప్లై ఉంది, ఏవీ1లో స్ట్రీమింగ్ చేయాలి అనుకుంటే 4060. ఏవీ1 ఎన్‌కోడర్ 3060లో లేదు.

బ్లెండర్‌లో పెద్ద సీన్లు, పీసీలోనే ఏఐ మోడళ్లు నడపడం లాంటివి మీ పనైతే 3060 12జీబీ. కొనేటప్పుడు బాక్స్ మీద 12జీబీ అని ఉందో లేదో చూడండి. 128 బిట్ బస్‌తో 8జీబీ 3060 కూడా ఉంది, దాని జోలికి పోవద్దు. సెకండ్ హ్యాండ్ అయితే అరగంట ఫుల్ లోడ్‌లో నడిపించి, ఫ్యాన్లూ టెంపరేచరూ చూశాకే డబ్బులివ్వండి.

చివరికి మేం కార్డులు మార్చుకున్నాం. నాది రెండేళ్లు వాడింది కాబట్టి తేడా డబ్బులు ఇవ్వబోతే వాడు వద్దన్నాడు, బలవంతంగా జేబులో పెట్టాను. తప్పు సలహా నాదే కదా. వాడు "ఏది కొనాలి" అన్నప్పుడు నేను "ఏం చేస్తావ్ రా దాంతో" అని అడగాల్సింది. ఇప్పుడు ఎవరు అడిగినా ముందు అదే అడుగుతున్నాను.