మొలలేలే అని ఊరుకోవద్దు... నేర్చిన చేతికి చూపించాలి

నూజివీడు: మామిడి కోతలు మొదలైతే ఈ ప్రాంతంలో ఎవరికీ తీరిక ఉండదు. తెల్లవారకముందే చిక్కాలు పట్టుకుని కూలీలు తోటల్లోకి దిగుతారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రైతుకు కాయ, లారీ, ధర తప్ప మరో ధ్యాస ఉండదు. అటువంటి రోజుల్లో దొడ్డికి వెళ్లినప్పుడు నాలుగు చుక్కల రక్తం కనబడితే "వేడి చేసింది, మొలలేలే, కాయ దిగాక చూద్దాం" అనుకోవటం పరిపాటి. కాయ దిగుతుంది. వానలు పడతాయి. సంక్రాంతి కూడా వస్తుంది. రక్తం మాత్రం ఆగదు.

రక్తం పడినంత మాత్రాన అందరికీ పెద్ద జబ్బు ఉన్నట్టు కాదు. చాలామందికి అది మొలలే, లేదా మలద్వారం వద్ద చీలికే. అయితే పురీషనాళంలో, పెద్దపేగులో పుట్టే క్యాన్సర్ కూడా మొదట్లో ఇలాగే కనబడవచ్చు. రెంటికీ తేడా రోగికి తెలియదు. శిక్షణ పొందిన వైద్యుడు పరీక్షించి చెప్పాలి. ఆ శిక్షణ ఎలా సాగుతుందో పల్లెవాసులు తెలుసుకోవటం అవసరం. ఆపరేషన్ బల్ల ఎక్కేది తామే కదా!

పదకొండున్నరేళ్ల చదువు

ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నరేళ్లు. ఆపైన హౌస్ సర్జన్‌గా ఒక ఏడాది. జనరల్ సర్జరీలో ఎం.ఎస్. 3 ఏళ్లు. జీర్ణకోశ శస్త్రచికిత్సలో ప్రత్యేక నైపుణ్యం కోసం ఎం.సిహెచ్. చేయదలిస్తే మరో 3 ఏళ్లు. అన్నీ కలిపితే పదకొండున్నరేళ్లు.

ఎం.ఎస్. చదివేవారిని రెసిడెంట్లు అంటారు. పగలూ రాత్రీ ఆసుపత్రినే అంటిపెట్టుకుని ఉండాలి గనుక ఆ పేరు వచ్చింది. అమెరికాలో 1889లో తెరచిన జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. నూజివీడుకు చేరువలో విజయవాడలోని సిద్ధార్థ వైద్య కళాశాల 1980లోనూ, గుంటూరు వైద్య కళాశాల 1946లోనూ మొదలయ్యాయి. ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్ద ఆపరేషన్లకు వెళ్లేవారు అటువంటి బోధనాసుపత్రుల్లో ఈ యువ వైద్యులను చూస్తూనే ఉంటారు.

అంటు కట్టినట్టే

నర్సరీలో చేరిన కుర్రాడికి మొదటిరోజే మేలైన చిన్నరసం కొమ్మ ఇచ్చి అంటు కట్టమనరు. ముందు కత్తి పదును పెట్టటం నేర్పుతారు. తరువాత పెద్దాయన కడుతుంటే పక్కన నిలబడి చూడాలి. రెసిడెంటు సంగతీ అంతే. మొదట కోతను విప్పి పట్టుకోవటం, కుట్లు వేయటం, చీముగడ్డ కోయటం. ఆ తరువాత హెర్నియా, అపెండిక్స్. పేగు మెలిపడి, లేదా చిల్లుపడి అర్ధరాత్రి వచ్చే కేసుల్లో పెద్ద డాక్టరు పక్కన నిలబడితేనే పేగు పని చేతికి వస్తుంది.

జబ్బు ఉన్న పేగుముక్కను తీసివేసి మిగిలిన రెండు కొసలను కలపటం అన్నింటిలోకీ సున్నితమైన పని. రెండు కొసలకూ రక్తం బాగా అందుతూ ఉండాలి. అతుకు మీద లాగుడు ఉండరాదు. అంటు పట్టకపోతే పోయేది ఒక మొక్క. పేగు అతుకు విడిపోతే మలం కడుపులోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది.

ఇది ఈనాటి ఆలోచన కాదు. మొలలనూ భగందరాన్నీ మహావ్యాధుల్లో చేర్చిన సుశ్రుత సంహిత, శిష్యుడు ముందుగా గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోత అభ్యసించాలని ఏనాడో విధించింది.

ప్రతి కేసుకూ లెక్క

రెసిడెంటు చేసిన ప్రతి పనినీ లాగ్ పుస్తకంలో రాయాలి. ఏ ఆపరేషన్ చూశాడు, దేనికి సాయపడ్డాడు, పెద్దల పర్యవేక్షణలో ఏది చేశాడు, సొంతంగా ఏది చేశాడు అన్నది అందులో తేలుతుంది. అమెరికాలో జనరల్ సర్జరీ రెసిడెంటు 5 ఏళ్లలో కనీసం 850 పెద్ద ఆపరేషన్లు చేసి ఉండాలన్న నియమం పెట్టారు. వాటిలో పెద్దపేగువి 40, మలద్వారానివి 20 ఉండాలి. పుస్తకం ఎంత చదివినా చేతికి ఈ లెక్క తప్పదు.

శిక్షణ విలువ ఎంతో స్వీడన్ దేశంలోని స్టాక్‌హోమ్ నగరం నిరూపించింది. పురీషనాళ క్యాన్సర్‌ను దాని చుట్టూ ఉండే కొవ్వు పొరతో సహా, చిరగకుండా తీసే పద్ధతిని ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ ఊరి సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ప్రకటించారు. 1994 నుంచి స్టాక్‌హోమ్‌లో ఆయన ఆపరేషన్లు చేసి చూపారు. అనుభవం ఉన్న సర్జన్లే మళ్లీ శిష్యులై నేర్చుకున్నారు. అంతకుముందు 100 మందిలో 60 మందికి మలద్వారం మూసివేసి, జీవితాంతం పొట్టమీద సంచి పెట్టవలసి వచ్చేది. శిక్షణ తరువాత ఆ సంఖ్య 27కు దిగింది. జబ్బు అక్కడే తిరగబెట్టటం 100కు 15 నుంచి 6కు తగ్గింది.

భయపడవలసింది ఎవరికి?

"నేర్చుకునే కుర్రాడి చేత మనల్ని కోయిస్తారేమో" అన్న జంకు పల్లెల్లో ఉంది. నిజానికి రెసిడెంటు ఒంటరివాడు కాదు. అతని వెనుక ప్రొఫెసర్ ఉంటాడు, రాసే లెక్క ఉంటుంది. పెద్ద ఆసుపత్రికే పరిమితమైన ఈ శిక్షణ ఇప్పుడు జిల్లాలకూ వచ్చింది. పి.జి. వైద్య విద్యార్థులు 3 నెలలు జిల్లా ఆసుపత్రుల్లో తప్పక పనిచేయాలని 2020లో నిబంధన తెచ్చారు. దీనివల్ల విద్యార్థికి పల్లె రోగి కష్టం తెలుస్తుంది. రోగికి చదువుకున్న చెయ్యి దగ్గరవుతుంది.

భయపడవలసింది ఎవరి దగ్గరా నేర్వని చేతికి. "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అని బోర్డు కట్టి, ఏ పరీక్షా చేయకుండా ఘాటు మందులు పొడిచేవారి వల్ల పుండు పడి మలద్వారం బిగుసుకుపోవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, లోపల క్యాన్సర్ ఉంటే ఆ నెలలన్నీ అది పెరుగుతూనే ఉంటుంది.

శిక్షణ పొందిన వైద్యుడు మొదట చేసేది వేలితో పరీక్ష. దానికి యంత్రం అక్కరలేదు, పట్టేది కొద్ది నిమిషాలే. పురీషనాళం కింది భాగంలోని గడ్డలు చాలావరకు వేలికి తగులుతాయి. అనుమానం ఉంటే గొట్టంతో లోపలికి చూసే కొలనోస్కోపీ చేయిస్తారు. సిగ్గుపడి ఈ పరీక్ష మానుకోవటం మంచిది కాదు. ఆడవారు ఇంట్లో కూడా చెప్పక దాచుకోవటం మరీ ప్రమాదం.

రక్తం పడుతున్నా, విరోచనం అలవాటు కొన్ని వారాలుగా మారినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత కనబడినా ఆలస్యం చేయరాదు. "పరీక్ష చేశారా? ఇది మొలలేనని ఎలా తేల్చారు?" అని వైద్యుణ్ణి అడిగే హక్కు రోగికి ఉంది. తొలిదశలో పట్టుకుంటే ఈ క్యాన్సర్ చాలామందికి నయమవుతుంది. మామిడి కోత ఏటా వస్తుంది. ఈ ఏడు కోతల మధ్యలోనైనా ఒక పూట ఆసుపత్రికి వెళ్లి రావటం రైతుకూ కూలీకీ మేలు.