అల్పవ్యయముతో శక్తిమంతమగు కంప్యూటరును కూర్చుకొనుట

కంప్యూటరును కంపెనీవారు బిగించి యిచ్చిన రూపముననే కొనవలెనను నియమము లేదు. 1981వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థవారు తమ పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు దాని నిర్మాణవివరములను గ్రంథరూపమున ప్రకటించిరి. అందుచే నితరులును దానికి సరిపడు భాగములను చేయ మొదలిడిరి. 1995లో ఇంటెల్ సంస్థవారు నిర్ణయించిన ఏ.టి.ఎక్స్. కొలతలవలన ఒక కంపెనీ మదర్‌బోర్డు వేరొక కంపెనీ క్యాబినెట్టులో సరిగా నమరుచున్నది. కావుననే నేడు మన ద్వారకానగర్ దుకాణములలోగాని, సికిందరాబాదు పార్క్‌లేన్ యందలి చినాయ్ ట్రేడ్ సెంటరులోగాని భాగములను వేర్వేరుగ గొని, స్క్రూడ్రైవరు చేతబట్టి, యింటియొద్దనే యంత్రమును కూర్చుకొనుట సాధ్యమగుచున్నది.

అయితే యీ సొమ్ము ఊరక వచ్చినది కాదు. మన విద్యార్థుల తలిదండ్రులలో ననేకులు పోర్టునందును ఉక్కు కర్మాగారమునందును పనిచేయువారు. బిడ్డల చదువునకై ప్రావిడెంటు ఫండునుండి తీసిన యేబదివేల రూపాయలు ఒక్క మధ్యాహ్నములో దుకాణమున వ్యయమైపోవును. గోపురము కట్టబూనినవాడు ముందుగా లెక్క చూచుకొనవలెనను సువార్త దృష్టాంతము ఇచ్చట నక్షరాల వర్తించును.

లెక్కకు ముందు పనిని నిశ్చయించుకొనవలెను. ప్రోగ్రాములు వ్రాయుటకును, పాఠములు చూచుటకును వేరుగ గ్రాఫిక్సు కార్డక్కరలేదు. ఆ శక్తి తనలోనే గల ప్రాసెసరు చాలును. ఇందొక మెలకువ కలదు. పేరు చివర ఎఫ్ అను నక్షరముగల ఇంటెల్ ప్రాసెసరులలో ఆ శక్తి యుండదు. కొంత చౌకయని దానిని కొన్నవానికి వేరొక కార్డు కొననిదే తెరపై బొమ్మ రాదు. చలనచిత్రములను కూర్చువారికిని, త్రీడీ నమూనాలు గీయువారికిని, ఆటలాడువారికిని మాత్రము కార్డు ముఖ్యము.

యంత్రముయొక్క వేగమును దానిలోని మిక్కిలి మందమైన భాగమే నిర్ణయించును. హార్డుడిస్కులో పళ్లెము తిరిగి, ముల్లు కదలి, కావలసిన చోటు చేరుటకు సుమారు 10 మిల్లీసెకన్లు పట్టును, ఎస్.ఎస్.డి.లో కదలునదేదియు లేదు గనుక అందులో నూరవ వంతు కాలమే చాలును. కాబట్టి ఎంత గొప్ప ప్రాసెసరు కొన్నను, హార్డుడిస్కుపై విండోసు నుంచినవాడు కనిపెట్టుకొని కూర్చుండవలసినదే. ర్యాము 16 జీబీ వలయుననుకొన్నచో 8 జీబీ కర్రలు రెండు కొనుట మేలు. రెండు దారులను రాకపోకలు జరుగును. మదర్‌బోర్డు కొనునపుడు దాని సాకెట్టు భవిష్యత్తును విచారింపుడు. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 సాకెట్టుగల 2017నాటి బోర్డులు పెక్కింటిలో, బయాసు మార్చినంతనే 2022నాటి ప్రాసెసరులును నడచినవి. ఇట్టి బోర్డు కొన్నవాడు నేడు చిన్న ప్రాసెసరుతో తృప్తిపడి, చేతికి సొమ్మందినప్పుడు దానినొక్కదానినే మార్చుకొనవచ్చును.

ఇక అందరును చులకన చేయు భాగము ఎస్.ఎం.పి.ఎస్. ఇంటికి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగ మార్చి పంచునది ఇదియే. ఇది చెడునపుడు తానొక్కతియే చెడక, బోర్డును, డిస్కును వెంటబెట్టుకొని పోవచ్చును. చవుక క్యాబినెట్టుతో ఉచితముగ వచ్చు పెట్టెపై 450 అని పెద్ద అంకెలుండును. దానిని నమ్మక, లేబులుపై 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నవో చూడుడు. 18 ఆంపియర్లే యున్నచో 12 × 18 = 216 వాట్లు మాత్రమే; నేటి ప్రాసెసరునకును కార్డునకును వలసిన శక్తి దాదాపు అంతయు నీ దారిననే వచ్చును. 65 వాట్ల ప్రాసెసరు, 130 వాట్ల కార్డు, తక్కిన భాగములకు మరి 50 వేసికొన్నను 245 అగును. నాకు జూడగా దీనికి 12 వోల్టుల దారిన 35 ఆంపియర్లకు తగ్గని మేలురకమే తగును. 80 ప్లస్ అను ముద్ర గలది కనీసము నూటికి 80 వంతుల సామర్థ్యము గలది. 240 వాట్లిచ్చుటకు గోడనుండి 300కు మించి తీసికొనదు. క్రిస్మసు నక్షత్రమువలె రంగురంగుల దీపములు వెలుగు క్యాబినెట్టునకు పెట్టు రెండువేలు ఇచ్చట పెట్టినచో సార్థకమగును.

బిల్లు లేకున్న 18 శాతము జీ.ఎస్.టి. తగ్గునని యాశపెట్టు వర్తకులు కలరు. బిల్లు లేనిచో వారంటీకై వాదించుట కష్టము. పెట్టెలేని ట్రే ప్రాసెసరులకు సాధారణముగ తయారీదారుని మూడేండ్ల హామీ వర్తింపదు. దుకాణదారుని మాటయే దిక్కు.

మన యూరి సంగతి మరికొంత కలదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను నాటికి పెరిగిన పిల్లలకు కరెంటు పోకడ తెలియనిది కాదు. యూ.పి.ఎస్.పై 600 వీ.ఏ. అని యున్నను అది 600 వాట్లు కాదు. సామాన్యముగ 360 వాట్లే. సముద్రపు ఉప్పుగాలి లోహపు కొసలను త్రుప్పు పట్టించును, ధూళి ఫ్యానులను మూయును. యంత్రమును కిటికీకి దూరముగ, నేలకు జానెడు ఎత్తున నుంచి, మూడు నెలలకొకసారి మెత్తని కుంచెతో దులుపవలెను. వానకాలములో మూసియుంచుటకంటె ప్రతిదినము కొంతసేపు నడపుట మేలు. లోపలి వేడిమిచే చెమ్మ నిలువదు.