సెకండ్ షో తర్వాత కూడా షో!

ఒక కన్ను మూసేలా జుట్టు పాయ వదిలే వెరోనికా లేక్ ఫోటో చూశారా? ఆ పాయ కోసమే సినిమాకెళ్ళిన కుర్రకారు ఉండేవారట! 1943లో అమెరికా ప్రభుత్వం ఆ జుట్టు కాస్త పైకి కట్టుకోమని ఆవిణ్ణి అడిగింది. ఆ ఫ్యాషన్ చేసుకున్న అమ్మాయిలు యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పనుల్లో చేరారు మరి. జుట్టు మిషన్లలో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆవిడ మార్చుకుంది. ఈ ముచ్చట చదివాకే నేను ఆనాటి షిప్‌యార్డుల వెంట పడ్డాను.

కాలిఫోర్నియాలో రిచ్మండ్ అని చిన్న ఊరు. 1940లో పాతికవేల జనాభా కూడా లేదు. ఆనకట్టలు కట్టిన హెన్రీ కైజర్ అక్కడ ఓడలు కట్టడం మొదలెట్టేసరికి, మూడేళ్ళలో లక్షకి దగ్గరపడింది. నాలుగు యార్డుల్లో కట్టిన ఓడలు 747! రివెట్ల బదులు వెల్డింగు, భాగాలు విడివిడిగా చేసి క్రేన్లతో ఎత్తి అతికించడం... అందుకే కొత్తవాళ్ళకి కూడా త్వరగా పని నేర్పగలిగారు. 1942 నవంబరులో ‘రాబర్ట్ ఇ. పియరీ’ని అయిదు రోజులు నిండకుండానే నీళ్ళలోకి దించారు.

మరి ఇంతమంది పడుకునేదెక్కడ? ఒకే మంచాన్ని షిఫ్టుల వారీగా ముగ్గురికి అద్దెకిచ్చేవారు. ఒకడు లేస్తే ఇంకొకడు ఆ వెచ్చని పరుపు మీదే! సినిమా హాళ్ళు తెల్లవార్లూ నడిచేవి. గది దొరకనివాళ్ళు బొమ్మ కోసం కాదు, కునుకు కోసం టిక్కెట్టు కొనేవారు. మన దగ్గర సెకండ్ షోకే సగంమంది నిద్రపోతారు, అది వేరే సంగతి!

పోర్ట్‌లండ్‌లోని కైజర్ యార్డుల దగ్గర పిల్లల కేంద్రాలు రాత్రీ పగలూ తెరిచే ఉండేవి. తల్లి ఇంటికెళ్ళేటప్పుడు వండిన భోజనం కూడా కొనుక్కుని తీసుకెళ్ళొచ్చు. ఇప్పటికీ ఎన్ని ఆఫీసుల్లో ఉందండీ ఈ సదుపాయం?

అంతా తీపి కథేమీ కాదు. నల్లజాతి కార్మికులు చందా కట్టాలి గానీ బాయిలర్‌మేకర్స్ యూనియన్లో ఓటుండదు. వాళ్ళకి వేరే శాఖ పెట్టారు. సాసలిటోలోని మారిన్‌షిప్ యార్డులో వెల్డరుగా చేస్తున్న జోసెఫ్ జేమ్స్ చందా కట్టనన్నాడు. అసలు ఆయన రంగస్థల గాయకుడు! కోర్టుకెళ్ళి, 1944 చివర్లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో గెలిచాడు. ఇంత మంచి కథని హాలీవుడ్ ఎందుకు వదిలేసిందో నాకైతే అర్థం కాదు.

1945లో యుద్ధం ముగిసింది. ఆడవాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు. కోనీ ఫీల్డ్ 1980లో తీసిన డాక్యుమెంటరీలో అయిదుగురు స్త్రీలు ఆ రోజుల గురించి మాట్లాడతారు. వెల్డింగులో ఆరితేరిన ఒకావిడ, యుద్ధమయ్యాక ఆ పని ఎవరూ ఇవ్వక వంటింటి పనిలో చేరానని చెబుతుంది. దొరికితే తప్పక చూడండి.

అన్నట్టు, ఆ వేరే శాఖ ఆఫీసులో గుమాస్తాగా చేసిన బెట్టీ రీడ్ సాస్కిన్, తర్వాత రిచ్మండ్‌లోనే ఆ కార్మికుల స్మారక పార్కులో రేంజరయింది. నూరేళ్ళ వయసులో, 2022లో రిటైరయ్యేదాకా వచ్చినవాళ్ళకి ఆ కథ చెబుతూనే ఉంది, తన శాఖ సంగతి దాచకుండా.