హేయాన్ జింగూ: అనుకృతిలో ప్రాచీనత

జపాను దేశీయుల షింటో సంప్రదాయంలో 'కామి' శబ్దం మూలభూతమైనది. దీనిని 'దేవత' అని అనువదించడం వాడుక. కాని పర్వతాలు, వృక్షాలు, జలపాతాలు, దివంగతులైన మహాపురుషులు సైతం ఈ శబ్దానికి వాచ్యులే. అందుచేత క్యోటో నగరంలోని హేయాన్ జింగూ ఆలయంలో ఇద్దరు చక్రవర్తులు ఆరాధ్యులు కావడంలో వింత లేదు. వారిలో కమ్ము చక్రవర్తి క్రీ.శ. 794లో రాజధానిని ఇచ్చటికి తరలించినవాడు. 1940లో చేర్చబడిన కోమేయ్ చక్రవర్తి ఇచ్చటనే పాలన ముగించినవారిలో చివరివాడు.

రాజధాని వెలసి పదకొండు వందల ఏండ్లు నిండిన సందర్భాన్ని పురస్కరించుకొని 1895లో ఈ ఆలయం నిర్మింపబడినది. 1869లో చక్రవర్తి టోక్యోకు తరలిన పిమ్మట కళ తప్పిన నగరానికి ఇది పునరుజ్జీవన చిహ్నం. ముఖ్యమందిరం ప్రాచీన రాజప్రాసాదంలోని సభామండపానికి అనుకృతి. పరిమాణం మూలంలో ఎనిమిదింట ఐదు వంతులు మాత్రమే.

ఇచ్చట ఒక శంక కలుగుతుంది. అనుకృతికి ప్రాచీనత ఎట్లు సిద్ధిస్తుంది? పైగా 1976లో గర్భాలయం అగ్నికి ఆహుతి కాగా, 1979లో పునర్నిర్మాణం జరిగినది. సమాధానానికి ఉద్యానాన్ని పరిశీలించవలెను.

ఏడవ ఒగావా జిహేయ్ అనే ఉద్యానశిల్పి రూపొందించిన ఈ వనం విస్తీర్ణం సుమారు 33,000 చదరపు మీటర్లు. దక్షిణ, పశ్చిమ, మధ్య, తూర్పు భాగాలుగా ఇది ఆలయాన్ని పరివేష్టించి ఉన్నది. దక్షిణ భాగానికి వసంతంలో వాలుకొమ్మల చెర్రీపూలు, పశ్చిమ భాగానికి జూన్ మాసంలో ఐరిస్ పూలు అలంకారం. దర్శకుడు ఈ క్రమంలోనే నడుస్తాడు. ఆలయం అతని కుడిచేతి వైపున ఉంటుంది. ఇది ప్రదక్షిణాన్ని స్ఫురింపజేసినా, షింటోలో విహితమైన ప్రదక్షిణ కాదు, సామ్యం ఆకృతిలోనే.

మధ్య భాగంలోని కొలనులో అడుగురాళ్ళ వరుస ఉన్నది. శయనించిన డ్రాగన్ వంటి వంతెన అనే అర్థంలో దీనిని 'గర్యూక్యో' అంటారు. ఈ రాళ్ళు 16వ శతాబ్ది చివర టొయొటోమి హిదెయోషి కట్టించిన సాంజో, గోజో వంతెనల స్తంభాలకు చెందినవి. తూర్పు భాగంలోని కప్పుగల వంతెన, తైహేయ్‌కాకు, క్యోటో రాజప్రాసాదం నుండి తెచ్చినది.

మందిరంలో రూపం పాతది, ద్రవ్యం కొత్తది. ఉద్యానంలో ద్రవ్యం పాతది, రూపం కొత్తది. మన ఆగమాల జీర్ణోద్ధార విధిలో శిథిలమైన ఆలయాన్ని తిరిగి కట్టినా దేవత మారదు. ఇచ్చట నిలిచిన వస్తువు దేవతయే కానక్కరలేదు. నదిపై వంతెనను మోసిన రాయి నేడు దర్శకుని పాదాన్ని మోస్తున్నది.