కాపాడినవాణ్ణి జనం ఎలా చూస్తారు?

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలులో స్పైడర్‌మ్యాన్ బొమ్మ ఉన్న బడిసంచి కనిపించడం నేడు వింతేమీ కాదు. అయితే ఆ కథల్లోని సామాన్య జనం తమను కాపాడిన వీరుణ్ణి ఎలా చూస్తారో మన పిల్లలను ఎప్పుడైనా అడిగామా?

1962లో పుట్టిన స్పైడర్‌మ్యాన్ వల్ల న్యూయార్క్ వాసులు ప్రాణాలతో బయటపడతారు. మరునాడు 'డైలీ బ్యూగిల్' పత్రిక అతడు ప్రమాదకారి అని రాస్తే దాన్నీ నమ్ముతారు! మెట్రోపోలిస్ ప్రజలు సూపర్‌మ్యాన్‌పై చూపే ఆదరణ అతడికి దక్కదు. 1963 నాటి ఎక్స్‌మెన్ స్థితి మరీ దయనీయం. వారి పుట్టుకే వారి నేరం. ఆ అనుమానపు చూపు ఎలా ఉంటుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు.

2014లో మార్వెల్ సంస్థ కమలా ఖాన్ అనే ముస్లిం బాలికను కథానాయికగా తన సొంత పుస్తకంతో ముందుకు తెచ్చింది. జెర్సీ సిటీలో స్థిరపడిన పాకిస్తానీ కుటుంబపు బిడ్డ ఆమె. శక్తి లభించగానే తొలుత బంగారు జుట్టు గల మరో వీరవనిత రూపం దాలుస్తుంది. పిదప తన బుర్కినీనే వీరవేషంగా మలచుకుంటుంది. ఊరు ఆమెను తన బిడ్డగా స్వీకరిస్తుంది. కానీ ఒక స్థిరాస్తి వ్యాపారి అనుమతి లేకుండా ఆమె బొమ్మను ప్రకటనలకు వాడుకోగా, ఆ జనమే ఆమెను నిందిస్తారు. మెప్పు కోసం మేలు చేసేవారికి ఇది గట్టి పరీక్ష. అల్లాహ్ ప్రసన్నత కోసం చేసేవారికి మాత్రం జనుల నింద లెక్కలోకి రాదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన పెద్దలు బాపట్ల, రేపల్లె వైపు ఇంకా ఉన్నారు. ఆ రాత్రి ఎవరి చెయ్యి పట్టుకుని గట్టెక్కారో, ఆ చేతిని మతం అడిగారో లేదో, పిల్లలను వెళ్ళి అడగమనండి.